చీమలొచ్చాయా

ఎడమ కాలు ఎక్కడ పడిందో చూస్తే గాని తెలియదు కాబట్టి తల వంచుకునే నడుస్తున్నాను. ముందు కిరీటి బూటు చేసిన గుంట, అందులో నా కుడి బూటు, అది తెలుస్తుంది, మంచు కరకరమని నలిగి కింద ఎక్కడో గట్టిపడి పాదాన్ని ఆపుతుంది. తర్వాత ఎడమ. అది కంటికే తెలుస్తుంది. నల్ల బూటు తెల్ల గుంటలోకి దిగింది, ఆగింది, సరే, బరువు వెయ్యొచ్చు. మళ్ళీ కుడి. మంచు మీద రాలిన పైన్ సూదులు, గోధుమరంగువి, ఎవరో ఊడ్చి ఎత్తడం మరిచిన చెత్తలా ఉన్నాయి. పొద్దున బయల్దేరినప్పుడు పెంకులా గట్టిగా ఉన్న మంచు ఎండకు మెత్తబడుతోంది, దాని అడుగున నీళ్ళు పారుతున్నాయి, కనబడవు, చప్పుడు మాత్రం, పక్కింట్లో కుళాయి కట్టడం మరిచినట్టు. చలికాలం మొదలవకముందు నుంచీ నా ఎడమ పాదం నాకేమీ చెప్పడం లేదు. మొదట వేళ్ళు, తర్వాత అరికాలు, ఇప్పుడు మడమ దాటి పిక్క కింది దాకా. స్కాన్ అయింది. వచ్చే బుధవారం టొరంటోలో డాక్టరు దగ్గరికి వెళ్తే అదేమిటో, దాని పేరేమిటో చెప్తారు. ఈ సంగతి నా ముందు నడుస్తున్న భర్తకు తెలియదు, నా వెనక నడుస్తున్న కూతురికి తెలియదు. ఇద్దరి మధ్యా నేను నా పాదాన్ని కళ్ళతో మోసుకుంటూ కొండెక్కుతున్నాను.

"వాసవీ, ఉన్నావా?"

"ఊఁ."

"భవీ, ఉన్నావా నాన్నా?"

"యా."

ఇది ఎలుగుబంటి కోసం. మనుషులు వస్తున్నారని దానికి ముందే తెలియాలట, ఉన్నట్టుండి ఎదురుపడకూడదట, అందుకని కిరీటి కాసేపటికోసారి మా పేర్లు అరుస్తాడు. ఈ పాటికి ఈ కొండ మీది ఎలుగుబంట్లకు నా పేరు కంఠతా వచ్చి ఉంటుంది. పిలిస్తే ఊఁ అంటాను. ఊఁ అనడం నాకు బాగా వచ్చు. విన్నాను అనడానికి ఊఁ, వినలేదు అనడానికి కూడా అదే ఊఁ, ఒప్పుకున్నాను అనుకుంటే అది వినేవాళ్ళ ఇష్టం. రాకీ పర్వతాలు చూద్దాం, భవిత సెప్టెంబర్లో చదువుకి లండన్ వెళ్ళిపోతుంది, ముగ్గురం కలిసి ఒక ట్రిప్ వేద్దాం అని కిరీటి అన్నప్పుడు కూడా ఊఁ అన్నాను. మే నెలాఖరుకి మంచు కరిగిపోయి ఉంటుందనుకున్నాడు. కింద కారు పెట్టిన చోట బోర్డు మీద పైన ఇంకా మంచు ఉందని రాశారు. మా బూట్ల కింద ఇనుప ముళ్ళ గొలుసులు, రబ్బరుతో బిగించినవి, కాల్గరీలో అద్దెకు తెచ్చాడు. తనే వంగి నా రెండు బూట్లకూ తొడిగి, "టైట్ అయిందా?" అన్నాడు. ఊఁ అన్నాను. ఒకటి అయింది.

నిజానికి ఈ మంచు నాకు హాయిగా ఉంది. హాయి అన్న మాట పెద్దది. ఇబ్బందిగా లేదు. ఇక్కడ అందరి కాళ్ళూ మొద్దుబారతాయి. వెనకనుంచి భవిత, నా వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదని ఇంగ్లీషులో గొణుగుతోంది, ముందునుంచి కిరీటి నాకూ అంతే అంటున్నాడు, మధ్యలో నేను నాకూ అంతే అన్నాను, ఎన్ని నెలలకో ఒక నిజం చెప్పాను, ఎవరూ తిరిగి చూడలేదు. ఇలా ఉంటే చాలనిపించింది. ఈ దారి పైకి ఇలాగే పోతూ ఉంటే, మంచు ఎప్పటికీ తరక్కుండా ఉంటే, నా కాలు అందరి కాలు. ఇంట్లో అలా కాదు. ఇంట్లో స్నానానికి టబ్బులో ఎడమ కాలు ముందు పెట్టాను ఒకరోజు, అది ఏమీ అనలేదు, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయనుకుని కుడికాలు పెట్టాను, అరిచాను. కిరీటి తలుపు దగ్గరకొచ్చి ఏమైందన్నాడు. నీళ్ళు వేడి అన్నాను. అదీ నిజమే. బయటికి వచ్చి చూసుకుంటే ఎడమ పాదం ఎర్రగా ఉడికినట్టుంది, నాకు సంబంధం లేని ఎవరిదో పాదం, పాపం అనిపించింది, ఎవరినో అన్నట్టు.

పాపం తప్ప ఏమీ అనిపించలేదు. అదీ నేను చూస్తున్నది, కాలుని కాదు. భయం వెయ్యాలి కదా, వెయ్యడం లేదు. వేయడం లేదని కంగారు పుట్టాలి, పుట్టడం లేదు. అద్దం ముందు అద్దం పెడితే లోపలికి లోపలికి గదులు కనబడినట్టు, ఒక గదిలోనూ ఎవరూ లేనట్టు. చెబితే కిరీటి భయపడడు, పని మొదలుపెడతాడు, కరీంనగర్‌లో వాళ్ళ చిన్నాన్న డాక్టరుకి ఫోన్ చేస్తాడు, చదువుతాడు, నా ఎడమ పక్కన నడవడం మొదలుపెట్టి ఇక జన్మలో కుడి పక్కకు రాడు. అందుకని చెప్పలేదా అంటే అందుకని కాదు. ఇలాంటి సంగతి చెప్పడానికి ఒక మొహం కావాలి. ఏ మొహం పెట్టుకుని చెప్పను అంటారు, సిగ్గుపడే వాళ్ళు. నాకు సిగ్గు లేదు. పెట్టుకోవడానికి మొహమే దొరకడం లేదు.

దారి పక్క చెట్టు చుట్టూ మంచు కరిగి ఒక గుండ్రటి నేల బయటపడింది, తడి మట్టి, దాని అంచున మంచుని పొడుచుకుని పసుపు పూలు, తలలు వంచుకుని. "అమ్మా, లుక్," అంది భవిత. చూశాను. బావున్నాయి అన్నాను. బావున్నాయని తెలుస్తోంది, అది ఒక సమాచారం. నేను చేసే ఉద్యోగం కూడా అదే, బ్యాంకులో టెస్టింగ్, ఎక్కడ ఏది పనిచెయ్యడం లేదో కనిపెట్టి చెప్పడం. పనిచెయ్యనిదాన్ని చూసి ఎవరూ ఏడవరు, రిపోర్ట్ చేస్తారు. నేను నన్ను రిపోర్ట్ చెయ్యలేదు, అంతే తేడా.

మొదట ఫ్యామిలీ డాక్టరు అడిగింది, నంబ్‌గా ఉందా, టింగ్లింగా ఉందా అని. నేను ఆలోచించాను. నా లోపల ఉన్న మాట తిమ్మిరి. చిన్నప్పటినుంచి నాకున్నది ఆ ఒక్క మాటే, కాలు తెలియకపోయినా తిమ్మిరే, తెలియడం మొదలై జివ్వుమన్నా తిమ్మిరే. టింగ్లింగ్ అన్నాను. వినడానికి తేలిగ్గా ఉంది, గలగలమంటూ, ఏదో గజ్జెల చప్పుడులా. ఆమె టైప్ చేసుకుంది. విటమిన్లు రాసింది. నెలలు గడిచాయి. తర్వాత నరాల డాక్టరు, ఆయన పెద్దవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ఆయనా అదే అడిగాడు, నేనూ అదే చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని, ఏదో పాకుతున్నట్టు, పొడుస్తున్నట్టు ఉంటుందా అన్నాడు. లేదన్నాను. మరి ఏమీ తెలియదా అన్నాడు. తెలియదన్నాను. అయితే అది టింగ్లింగ్ కాదమ్మా, అవి రెండూ ఒకటి కావు, ఒకటి నరం మాట్లాడుతోందని, రెండోది మాట్లాడడం లేదని, అన్నాడు. తెలుగులో ఒకటే అని ఆయనకెలా చెప్పను. చెప్పినా అది అబద్ధం. తెలుగులో కూడా ఒకటి కాదు. తిమ్మిరి వస్తుంది, పోతుంది. పోనిదాన్ని మొద్దుబారడం అంటారు. ఆ మాట నాకు తెలుసు. తెలిసిన మాటను పక్కనపెట్టి తెలియనట్టు పక్కమాట పట్టుకుని ఇన్ని నెలలు నడిచాను.

తర్వాత కళ్ళు మూసుకోమని గుండుసూదితో పాదం మీద అక్కడక్కడ గుచ్చి, మొన వైపా, మొండి వైపా అని అడిగాడు. నేను కళ్ళు పూర్తిగా మూయలేదు. రెప్పల సందులోంచి ఆయన మోచెయ్యి కదలడం చూసి, చొక్కా చప్పుడు విని, మొన, మొండి, మొన అని చెప్పుకుపోయాను, చాలావరకు ఒప్పే అయ్యుంటాయి. ఏలూరులో చదువుకున్నప్పుడు జవాబు రాకపోయినా కాగితం ఖాళీగా వదలకూడదని నేర్పారు. ఆయన ఆపి, ఊహించకండి అన్నాడు, మీరు పరీక్ష పాసవ్వాల్సిన అవసరం లేదు. ఆ మాటకి నేను నవ్వాను. నవ్వొచ్చింది అనుకుని నవ్వాను.

"వాసవీ!"

"ఊఁ."

"ఏలూరోళ్ళకు మంచు చూస్తే ఐస్‌క్రీం బండి యాదికొస్తదేమో గానీ కొంచెం జల్ది నడువు, ఎండెక్కితే ఈ మంచు మనల్ని మోయదు."

"కరీంనగర్‌లో రోజూ మంచు మీదే నడిచావా ఏంటి?"

"మాది వేడి. ఏ వాతావరణానికైనా అలవాటు పడతం."

భవిత వెనక నవ్వింది. నా నోరు సరిగ్గానే పనిచేస్తోంది. వేళాకోళానికి వేళాకోళం దానంతటది వెళ్తుంది, చేతిలో కర్ర దానంతటది మంచులో గుచ్చుకున్నట్టు. నోరు, చేతులు, కుడికాలు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. మొద్దు పిల్ల అని మా అత్తయ్య అంది నన్ను, తాతయ్య పోయిన రోజున. అందరూ ఏడుస్తున్నారు, నేను గుమ్మం దగ్గర కూర్చుని ఎవరి చెప్పులు ఎవరివో చూస్తున్నాను. ఇంత కట్టెలా ఉందేమిటి ఇది, మొద్దు పిల్ల అంది అత్తయ్య. అమ్మమ్మ ఏడుస్తూనే తలెత్తింది, దానికింకా చీమలు రాలేదు, వస్తాయిలే అంది. మాకు అర్థమైంది, ఇంట్లో పిల్లలందరికీ. వ్రతాల్లో గంటలు గంటలు మఠం వేసుకుని కూర్చుని లేవబోయి కుంటుతుంటే అమ్మమ్మే పట్టుకుని కాలు చాపించి రుద్దేది, చీమలొచ్చాయా, చీమలొచ్చాయా అంటూ. మొదట ఏమీ ఉండదు. తర్వాత అరికాల్లో ఎక్కడో ఒకటి కదులుతుంది, తర్వాత పుట్ట పగిలినట్టు పాదమంతా పాకుతాయి, అమ్మో వద్దు ముట్టుకోవద్దు అని అరిచేవాళ్ళం. అరిస్తే అమ్మమ్మ వదిలేసేది. చీమలొచ్చాయంటే ప్రాణం వస్తున్నట్టే, ఇక పో, ఆడుకో. తాతయ్య కోసం నాకు చీమలు చాలా రోజుల తర్వాత వచ్చాయి. బస్సులో వెనక సీట్లో ఎవరో ముసలాయన అచ్చం తాతయ్యలా గొంతు సవరించుకున్నాడు. అంతే. దిగేదాకా ఏడ్చాను, కండక్టరు టికెట్ పోయిందా పాపా అన్నాడు.

అంటే వస్తాయి. ఆలస్యమైనా వస్తాయి. ఇన్ని నెలలుగా నేను వేచి ఉన్నది డాక్టరు కోసం కాదేమో. స్కాన్ యంత్రంలో పడుకున్నప్పుడు కూడా, ఆ దడదడల మధ్య, కాలి వేళ్ళనే వింటూ పడుకున్నాను, ఒక్కటి, ఒక్క చీమ. భవిత కాలేజీకి వెళ్ళిపోతోందని దాని స్నేహితురాళ్ళ తల్లులు ఇప్పటినుంచే కళ్ళు తుడుచుకుంటున్నారు, నేను దానికి దుప్పట్లు కొన్నాను, సైజు సరిచూశాను. అది నన్ను చూసింది ఆ రోజు, షాపులో, ఏదో అడగబోయి ఊరుకుంది.

చెట్లు అయిపోయాయి. ఎదురుగా వాలు. కొండ భుజం మీంచి కిందికి జారిన ఒకే తెల్లటి బట్ట, దాన్ని అడ్డంగా కోస్తూ పాత అడుగుల గీత, కరిగి వాలిపోయిన గుంటలు, అటు చివర రాళ్ళు, ఆ రాళ్ళ వెనక సరస్సు. కింద, చాలా కింద, నల్ల బండలు. కిరీటి నిలబడి ఫోన్లో మ్యాప్ చూసుకుని, కర్రతో మంచుని పొడిచి చూశాడు.

"గట్టిగనే ఉంది. ఇది దాటితే లేక్ వచ్చేస్తది. ఒక్కొక్క అడుగు చూసుకుని, కాలు బాగా తొక్కి, గ్రిప్ దొరికినాకనే రెండో కాలు. జారినట్టు అనిపిస్తే కూర్చుండిపోవాలె. ఏమంటవ్?"

జారినట్టు అనిపిస్తే. అనిపిస్తే కదా. నేను ఆ గీతని చూశాను. కొండ వైపు కుడికాలు, లోయ వైపు ఎడమ కాలు. లోయ వైపు కాలే బరువు మోయాలి, ముళ్ళు దిగాయో లేదో అదే చెప్పాలి. పడితే మొదట భవిత చూస్తుంది, వెనకనుంచి. ఇది నాకు స్పష్టంగా కనబడింది, లెక్క చేసినట్టు, అయినా గుండె మామూలుగానే కొట్టుకుంటోంది, మనసు మామూలుగానే ఉంది, ఇక్కడ నిలబడి ఉన్నది ఎవరో, వాళ్ళకి ఎవరైనా చెబితే బావుండు.

"వాసవీ?"

"ఊఁ," అన్నాను. "దాటుదాం."

అతను తిరిగి బయల్దేరాడు, ఆఖరి చెట్ల పక్కగా వాలు వైపు, నేను ఆ గుంటలో కుడికాలు పెట్టి, ఎడమ ఎత్తి పెట్టాను, పెట్టినచోట మంచు లేదు. ఉన్నట్టే ఉండి పోయింది. తొడ దాకా దిగిపోయాను, చప్పుడు లేకుండా, మెట్టు లేనిచోట మెట్టుందనుకున్నట్టు. కింద కొమ్మలేవో ఉన్నట్టున్నాయి, చెట్టు పూడుకుపోయి ఉందేమో మంచు కింద, కాలు రాదు. కిరీటి వెనక్కి వచ్చి చంకల కింద చేతులు వేసి లాగాడు. "బరువెక్కినవ్ పో," అంటూ. భవిత ఫోటో తీయబోయి మానేసింది. లాగితే వచ్చాను, మంచు కూలి ఆ గొయ్యి పూడిపోయింది. దెబ్బ తగిలిందా అన్నాడు. లేదన్నాను. నా మొహం చూస్తున్నాడు. ఆ చూపు తప్పించుకోవాలని నేను ఎదురుగా వాలుని చూస్తూ, ఇవాళ మొదటిసారి కాళ్ళ వైపు చూడకుండా, అతన్ని దాటుకుని ముందుకి నడిచాను. కుడి. ఎడమ. కుడి. ఎడమ.

"అమ్మా."

"ఊఁ."

"అమ్మా, స్టాప్. యువర్ షూ."

తిరిగాను. భవిత మంచులో చూపిస్తోంది. నా అడుగులు. ఒకటి ముళ్ళ గుర్తులతో బూటు. ఒకటి వేళ్ళతో, అయిదు వేళ్ళతో, సాక్సు వేసుకున్న పాదం. మళ్ళీ బూటు. మళ్ళీ పాదం. వంగి చూసుకున్నాను. బూడిదరంగు ఉన్ని సాక్సు తడిసి మంచు పెళ్ళలు కట్టి ఉంది. బూటు ఆ గొయ్యి అడుగున ఎక్కడో, కొమ్మల్లో ఉండిపోయింది. లేసులు సరిగ్గా కట్టుకోలేదు, బిగిసిందో లేదో నాకెలా తెలుస్తుంది.

"నీకు తెల్వలేదా?" అన్నాడు కిరీటి.

"చలికి మొద్దుబారిపోయిందిలే," అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చింది, తిమ్మిరి కాదు, మొద్దు. ఎవరూ పట్టించుకోలేదు.

చెట్టు మొదట్లో ఎండకి కాగిన బండ ఒకటుంది, మంచు లేకుండా. అక్కడ కూర్చోబెట్టాడు నన్ను. తను మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఆ గొయ్యి తవ్వి, భుజం దాకా చెయ్యి పెట్టి, చివరికి బూటు తీశాడు, లోపల మంచు, బోర్లించి కొట్టాడు. భవిత కూడా పక్కన కూలబడి తన బూట్లు, సాక్సులు లాగేసింది, నా వేళ్ళు చచ్చిపోయాయి డాడీ అంటూ. తెల్లగా ఉన్నాయి. కిరీటి దాని పాదం ఒళ్ళో పెట్టుకుని రెండు అరచేతుల మధ్య రుద్దడం మొదలుపెట్టాడు. అది నోరు తెరిచి ఒక క్షణం ఆగి, "ఓ నో నో నో, చీమలు, చీమలు, డాడీ స్టాప్," అని కాలు లాక్కుని బండ మీద కొట్టుకుంది, నవ్వుతూ, కళ్ళలో నీళ్ళు. దానికి ఈ ఒక్కదానికీ ఇంగ్లీషు రాదు. ఒకటో క్లాసులో టీచరుతో నా కాల్లో చీమలున్నాయి అని చెప్పిందట ఇంగ్లీషులో, ఆవిడ కంగారుపడి బూట్లు విప్పించి, సాక్సులు దులిపి, తరగతి గది నేలంతా వెతికించి, ఇంట్లో చీమలు ఉన్నాయా అని నాకు ఫోన్ చేసింది. ఉన్నాయండీ, మా అమ్మమ్మవి అనాలనిపించింది నాకు. అప్పట్లో నాకు అలాంటివి అనాలనిపించేది.

"నీది ఇయ్యి," అన్నాడు కిరీటి.

కుడి పాదం ఇచ్చాను. రుద్దాడు. వచ్చాయి, గుంపులుగా, వేలివేలికీ, పళ్ళు బిగపట్టాను. "వచ్చినయ్ చూడు," అన్నాడు భవితతో. తర్వాత ఎడమది తనే ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు, తడి సాక్సు ఒలిచాడు. చిటికెన వేలి పక్కన కొమ్మ గీరుకుని తోలు లేచింది, రక్తం సన్నగా గీతలా. అయ్యో అన్నాడు, తన టోపీ తీసి తుడిచాడు. రుద్దుతున్నాడు. నేను చూస్తున్నాను. అతని బొటనవేళ్ళు నా అరికాల్లో కిందనుంచి పైకి, పైనుంచి కిందికి, మంచు తవ్విన చేతులు, ఎర్రబడి, గోళ్ళలో మట్టి. ఒక సినిమాని చప్పుడు లేకుండా చూస్తున్నట్టుంది. వాలు మీద ఎండ పెరిగింది, ఎక్కడో ఒక మంచుపెళ్ళ విడిపోయి కింద బండల మీద పడింది, చప్పుడు ఆలస్యంగా వచ్చింది.

"చీమలొచ్చాయా?" అన్నాడు.

ఊఁ అనాలి. అంటే సాక్సు మారుస్తాడు, బూటు తొడుగుతాడు, లేసు తనే కడతాడు, లేచి దాటుతాం. ఊఁ గొంతులో ఉంది, ఎప్పుడూ ఉండేచోటే.

భవిత తన పాదాలు పట్టుకుని ముందుకు వంగింది. షాపులో దుప్పట్ల దగ్గర చూసిన చూపు. "చీమలొచ్చాయా, అమ్మా?" అంది. తెలుగులో.

"రాలేదు," అన్నాను.

"వస్తయ్, ఆగు," అని ఇంకా గట్టిగా రుద్దాడు కిరీటి.

"రావు. చలికి కాదు ఇది. చలికాలం ముందునుంచీ అంతే. స్కాన్ తీశారు. బుధవారం చెప్తారు."

చెప్పేశాక వింటే అది నా గొంతులాగే ఉంది, ఆఫీసులో మాట్లాడినట్టు, సమానంగా. మొహం ఎలా ఉందో తెలియదు. అతని చేతులు కదలడం ఆగిపోయింది. భవిత జరిగి నా పక్కకు వచ్చి కూర్చుంది, ఎడమ పక్కకి. వాలు మీది అడుగుల గీత వైపు కిరీటి ఒకసారి చూశాడు, దాటుదాం అన్న నన్ను చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. అతని టోపీ లేని నెత్తి మీద పలచబడ్డ జుట్టు కనబడుతోంది, చేతులు అతని ఒంటి చాటున పడ్డాయి. పాదం ఎక్కడుందో తెలియలేదు. నీటి చప్పుడు, బండ కింద.

"వదిలేశావా?" అని అడిగాను.

"లేదు, పట్టుకునే ఉన్న," అన్నాడు.

వంగి చూశాను. పట్టుకునే ఉన్నాడు.